తహతానియా దాటి వస్తానియాకు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున చౌటుప్పలు దాటిన పిదప, నార్కటుపల్లి ఇంకను రాకమునుపు, చిట్యాల వచ్చును. దూరప్రయాణము చేయువారికి అది కిటికీలోనుండి నిమిషముపాటు కనబడి మరుగగు ఊరు. 1985లో మండల కేంద్రమైనది. 2018లో పురపాలక సంఘమైనది. బీబీనగరునుండి నడికుడికి పోవు రైలుమార్గముపై దానికొక స్టేషను కూడ కలదు. ఐదవ తరగతి ముగించిన పిల్లవాడు ఆరవ తరగతికై పెద్దబడిలో చేరుట నేడిచ్చట ఎవరికిని వింతగా తోచదు. జూను మాసమున టీ.సీ. తెచ్చుకొనుట, నోటుపుస్తకములు కొనుట, సంచి మార్చుట, అంతటితో పని తీరినదని తల్లిదండ్రులు తలంతురు. కాని నల్లగొండ, మహబూబునగరు సీమలలో ఈ యొక్క మెట్టు ఎక్కుటకు మూడు నాలుగు తరముల వారు పడిన పాట్లు చిన్నవి కావు. బడిలో చేరనివారి సంగతి చరిత్రకారులు తరచుగా వ్రాసియున్నారు. బడిలో చేరియు, చిన్నబడి ముగించియు, పెద్దబడి గుమ్మము కడనే ఆగిపోయినవారి సంగతి వ్రాసినవారు తక్కువ. ఈ ప్రసంగము వారిని గూర్చినది.

నిజాము రాష్ట్రమున విద్యకు మూడంతస్తులు. మొదటిది తహతానియా, రెండవది వస్తానియా, మూడవది ఫౌఖానియా. ఈ మాటలు విని బెదరవలసిన పని లేదు. తహత్ అనగా కింద. వస్త్ అనగా నడుమ. ఫౌఖ్ అనగా పైన. కింది బడి, నడిమి బడి, మీది బడి యని మన పల్లెటూరివారు తేటగా చెప్పుకొనవచ్చును. నేడు మనము మిడిల్ స్కూలు అనుచున్నది ఆనాటి వస్తానియాయే. మేడకు మూడంతస్తులున్నప్పుడు ఒకదానినుండి మరియొకదానికి మెట్లుండవలెను గదా! ఇచ్చట కిందినుండి నడిమికి పోవు మెట్టొకటి సగము విరిగియుండెను. అది భాష.

అంతకుపూర్వము మన పల్లెలలోని చదువు వీధిబడి చదువు. పంతులుగారి యరుగుమీదనో, గుడి మండపములోనో, చింతచెట్టు నీడనో పదిమంది బాలురు కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్దుచు, గుణింతములు వల్లించుచు, ఎక్కములు అరచుచు ఉండెడివారు. పెద్దబాలశిక్షతో ఆరంభమై శతకములతో సాగి, జాబు వ్రాయుట, పద్దు లెక్కించుట, పత్రము చదువుట వచ్చినంతనే ఆ చదువు ముగియుచుండెను. దానిపై మరియొక బడి లేదు గనుక ఒక బడినుండి మరియొక బడికి పోవు చిక్కును లేదు. రైతు కొడుకు దున్నుటకును, కోమటి కొడుకు దుకాణమునకును, కరణము కొడుకు దఫ్తరమునకును పోయెడివారు. తక్కిన కులముల పిల్లలలో అనేకులకు ఆ యరుగు ఎక్కు భాగ్యమే లేకుండెను. ఈ సంగతి మరచి వీధిబడిని పొగడుట న్యాయము కాదు.

సర్కారీ బడులు వ్యాపించిన కొలదియు పరిస్థితి మారెను. 1880 దశకమున రాష్ట్రపు కచేరీలలో పారసీకము స్థానమున ఉర్దూ రాజభాష యయ్యెను. నౌకరీ కావలెనన్న ఉర్దూ రావలెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమై, మరుసటి సంవత్సరమున తరగతులు ప్రారంభమయ్యెను. ఇంగ్లీషు చదువే చదువని దేశమంతయు భ్రమించుచున్న కాలమున, వైద్యమును, న్యాయమును, గణితమును, రసాయన శాస్త్రమును ఒక దేశభాషలో చెప్పవచ్చునని ఆ విశ్వవిద్యాలయము నిరూపించెను. ఇందుకై ప్రత్యేకముగా అనువాద కార్యాలయమునే నెలకొల్పిరి. ఇది మిక్కిలి గొప్ప సాహసము. నేటికిని దాని ఘనతను ఒప్పుకొనవలెను. కాని ఆ దేశభాష రాష్ట్ర జనులలో అధికసంఖ్యాకులది కాదు. ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారు, తరువాతి స్థానము మహారాష్ట్రులది, కన్నడిగులును కలరు. తల్లిభాషలో చదువు చెప్పవలెనను సూత్రము సరియైనదే, అయితే ఎవరి తల్లి భాష యను ప్రశ్న మాత్రము ఎవరును అడుగలేదు.

విశ్వవిద్యాలయము ఉర్దూలో నుండుటచే దానికి పిల్లలను పంపు ఫౌఖానియా ఉర్దూలో నుండవలసి వచ్చెను. ఫౌఖానియాకు పంపు వస్తానియాయు ఉర్దూలోనే నడచెను. తహతానియాలో మాత్రము తెలుగు పిల్లవానికి తెలుగులో చదువుకొను అవకాశ ముండెను. అదియు అన్నిచోట్ల కాదు. ఇట్లు మీదినుండి కిందికి దిగివచ్చిన ఏర్పాటు ఒకచోట ఠక్కున ఆగెను. ఆగినచోటనే పదేండ్ల పిల్లవాడు నిలుచుండి యుండెను.

వాని కష్టమును కొంచెము నిదానముగా ఊహింపుడు. నిన్నటివరకు కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారము అని నేర్చినవాడు. నేడు వస్తానియాలో అడుగిడగనే అవి జమా, తఫ్రీక్, జర్బ్, తక్సీం అయినవి. లెక్క అదే, ఫలితమును అదే. కాని గురువుగారు ఏమి చేయుమనుచున్నారో తెలియదు. చరిత్ర తారీఖ్ అయ్యెను, భూగోళము జుగ్రాఫియా అయ్యెను, గణితము హిసాబ్ అయ్యెను. ఎడమనుండి కుడికి వ్రాసిన చేయి కుడినుండి ఎడమకు వ్రాయవలెను. మరల అంకెలు వచ్చునప్పటికి ఎడమనుండి కుడికే పోవలెను. తెలుగు గుణింతములో కన్నులకు కనబడు అచ్చు గుర్తులు ఉర్దూ వ్రాతలో చాలవరకు కనబడవు. మాట ముందుగా తెలిసినవాడే దానిని సరిగా చదువగలడు. అనగా భాష నేర్చుటకు చదువవలెను, చదువుటకు భాష రావలెను. ఇమ్లా వ్రాయునపుడు ఒకే ధ్వనికి మూడు నాలుగు అక్షరములుండుటచే ఏది వ్రాయవలెనో తోచక, పంతులు బిడ్డయైనను పామరునివలె దిక్కులు చూడవలసినదే. లెక్కలలో మొదటివాడు ఆరు నెలలలో వెనుక బల్లకు పోవుట ఆనాడు వింత కాదు. వాని బుద్ధి మందగించలేదు. వాని నోటినుండి మాట తీసివేసిరి.

ఇట్టి స్థితిలో కొన్ని కుటుంబములు తమంతట తామే ఉపాయములు వెదకికొనెను. నా దృష్టిలో ఈ చరిత్రయంతటిలో మిక్కిలి ఆసక్తికరమైన భాగమిదియే. పట్వారీ, పటేళ్ల యిండ్లలో ఉర్దూ మాట కొంత చెవిని పడుచునే యుండెను. తాలూకా కచేరీనుండి వచ్చు హుకుములు, దౌరాకు వచ్చు అధికారులు, వారి చప్రాసీలు, వీరందరివలన పిల్లవానికి వంద రెండువందల మాటలు ముందే తెలిసియుండెడివి. కొంచెము కలిగినవారు పిల్లవానిని వస్తానియాకు పంపుటకు ముందే ఊరి మసీదులోని మౌల్వీగారి కడకు పంపి అలిఫ్, బే దిద్దించెడివారు. మౌల్వీగారికి ధాన్యమో, నెయ్యియో, పండుగకు బట్టలో ముట్టెడివి. హిందువుల పిల్లవాడు మసీదు వసారాలో కూర్చుండి చదువుట ఎవరికిని తప్పుగా తోచలేదు. ఈ మౌల్వీలలో ననేకులు తెలుగు చక్కగా మాటలాడువారు; తెలుగు మాటతోనే ఉర్దూ మాటకు అర్థము చెప్పి పిల్లవాని చేయి పట్టి గుమ్మము దాటించినవారు వారే. సర్కారు వేయని మెట్టును ఊరి మౌల్వీ వేసెనని చెప్పవచ్చును.

మరి పాలేరు కొడుకునకు, మగ్గము నేయువాని కొడుకునకు, మాదిగ బిడ్డకు ఈ వసతి ఎక్కడిది? వానికి కచేరీ మాట చెవిని పడినది తిట్టు రూపముననే. ఊరిలో తహతానియా ఉన్నచో నాలుగక్షరములు నేర్చి, తరువాత పశువుల వెంట పోవుచుండెను. భాష యను గోడ అందరికిని ఒకే యెత్తున కట్టినట్లు కనబడినను, కొందరి యింట నిచ్చెన ఉండెను, కొందరి యింట లేదు.

భాష తరువాతి చిక్కు దూరము. వస్తానియాలు ప్రతి పల్లెలోను లేవు. ఈ ప్రాంతపు వారికి పెద్దచదువులన్నచో నల్లగొండ, భువనగిరి, కాదన్నచో హైదరాబాదు. రోజుకు రానుపోను నడువగల దూరము కాదు. కనుక వస్తానియాలో చేరుట యనగా పది పండ్రెండేండ్ల వయసున ఇల్లు విడుచుట. బంధువుల యింట ఉంచుట మొదటి పద్ధతి. అచ్చట నీళ్ళు తోడుట, చిన్నపిల్లల నెత్తుట, అంగడికి పోవుట వాని పనియే. వారాలు చేసికొనుట రెండవది. ఏడు దినములకు ఏడిండ్ల భోజనము, ఒక యింట పండుగయో మైలయో వచ్చినచో ఆనాటికి పస్తు. ముగ్గురు నలుగురు బాలురు కలిసి ఒక గది తీసికొని, ఇంటినుండి తెచ్చుకొన్న బియ్యము, జొన్నపిండి, చింతకాయ తొక్కుతో వంట చేసికొనుట మూడవది. ఈ తీరున చదివినవారిలో నేటికి తొంబది యేండ్లకు చేరువైనవారు, అన్నము మాడిన దినములను లెక్కల మార్కులకంటె బాగుగా జ్ఞాపకముంచుకొని చెప్పుదురు.

వసతిగృహములు ఈ చిక్కును కొంత తీర్చెను. 1918లో హైదరాబాదున రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసెను. పేరు కులముదైనను అచ్చటి గ్రంథాలయమును, సభలును తెలుగు పిల్లలకు పెద్ద ఆలంబనమయ్యెను. తరువాతి కాలపు ప్రజానాయకులు పలువురు అచ్చటనే కన్ను తెరచిరి. ఇతర కులములవారును క్రమముగా తమ తమ హాస్టళ్ళు కట్టుకొనిరి. కులమునకొక హాస్టలు మంచిదా యని నేడు మన మడుగవచ్చును. ఆనాడు పల్లెనుండి వచ్చిన పిల్లవానికి రాత్రి తలదాచుకొను చోటు మరియొకటి లేదు. అంటరానివారని దూరముగా నుంచబడిన పిల్లలకై భాగ్యరెడ్డివర్మగారు 1910లోనే హైదరాబాదున బడి తెరచి, క్రమముగా వాని సంఖ్యను పెంచిరి. మన భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డిగారు 1930 దశకమున హరిజన సేవక సంఘమున పనిచేసి, ఆ పిల్లల చదువునకును వసతికిని పాటుపడిరి. ఆయన తరువాత నడపిన ఉద్యమముల పేరు అందరికిని తెలియును. ఈ పని పేరు కొందరికే తెలియును.

ఊరిలోనే తెలుగున నడుచు పెద్దబడిని ప్రజలే పెట్టుకొనలేదా యని శ్రోతలు అడుగవచ్చును. పెట్టుకొనుటకు యత్నించిరి. కాని సర్కారువారి ముందస్తు అనుమతి లేనిదే ఖానగీ బడి తెరువరాదని 1334వ ఫసలీలో, అనగా 1924-25 ప్రాంతమున, నిబంధన వచ్చెను. దానితో అనేకము మూతపడెను. బడి పెట్టుటకు వీలు లేనిచోట గ్రంథాలయము పెట్టిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయముతో మొదలైన ఆ పని నల్లగొండ, సూర్యాపేటలకును వ్యాపించెను. నల్లగొండనుండి 1922లో షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. బడిలో తెలుగు ఆగిపోయిన పిల్లవానికి తెలుగు మరువకుండ కాపాడినవి ఈ గ్రంథాలయములును పత్రికలునే. పగలు ఉర్దూ, సాయంకాలము తెలుగు. ఒక తరమంతయు ఇట్లు రెండు బడులలో చదివెను. ఒకదానికి హాజరీ పట్టిక ఉండెను, రెండవదానికి లేదు.

1921 నవంబరులో హైదరాబాదున మహర్షి కార్వేగారి అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగెను. ఇంగ్లీషులోను, ఉర్దూలోను, మరాఠీలోను ప్రసంగములు నడచెను. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగనే సభలో గేలియు, అల్లరియు చెలరేగెను. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. అదియే పెరిగి 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభగా సమావేశమయ్యెను. మరుసటి సంవత్సరము మన నల్లగొండ జిల్లాలోని దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన రెండవ సభ జరిగెను. మాతృభాషలో విద్య, ఖానగీ బడుల నిబంధన రద్దు అనునవి ఆ సభల కోర్కెలలో ముఖ్యములు. రాజకీయములకు తొలిమెట్టుగా వీనిని చూచుట వాడుక. నాకు మాత్రము ఆ తీర్మానముల వెనుక వస్తానియా వాకిట పలక చేతబట్టి నిలుచున్న పిల్లవాడు కనబడును.

బాలికల సంగతి వేరుగ చెప్పవలెను. బాలునకు రెండు మూడు గోడలున్నచో బాలికకు మరి రెండు మూడు అధికము. మాడపాటి హనుమంతరావుగారు మొదలైనవారి కృషిచే 1928లో హైదరాబాదున ఆంధ్ర బాలికల పాఠశాల ఏర్పడెను. తెలుగు మాధ్యమము విడువమని నిర్వాహకులు పట్టుపట్టిరి. అందుచే దానికి ఇచ్చటి విశ్వవిద్యాలయపు గుర్తింపు దొరకలేదు. అప్పుడు వారు పూనాలో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనిరి. ఏ కార్వేగారి యెదుట తెలుగు మాట నవ్వులపాలయ్యెనో ఆ కార్వేగారి విశ్వవిద్యాలయమే తెలుగు బాలికలకు తలుపు తెరచుట విధివిలాసము. ఆలేరు ప్రాంతమునుండి వచ్చిన ఆరుట్ల కమలాదేవిగారు వివాహానంతరము ఈ పాఠశాలలోనే చదివిరి. పల్లెపట్టున పెండ్లియైన పిల్ల పట్నమునకు పోయి బడిలో కూర్చుండుటకు ఆ యింటివారు ఎంత ధైర్యము చేసియుండవలెనో తలంచుకొనుడు.

ఇంత చెప్పినంతమాత్రమున ఉర్దూ భాష దోషియని ఎవరును తలంపరాదు. గోడ కట్టినది భాష కాదు, ఏర్పాటు. సింగిరెడ్డి నారాయణరెడ్డిగారు హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్లలో మాధ్యమిక విద్యయు, కరీంనగరమున ఉన్నత విద్యయు ఉర్దూ మాధ్యమముననే చదివిరి. ఆయనే 1988వ సంవత్సరమునకు జ్ఞానపీఠ పురస్కారమందిన తెలుగు కవి. దాశరథిగారు గాలిబు కవితను తెలుగు చేసి 1961లో అందించిరి. గుమ్మము దాటినవారికి ఉర్దూ రెండవ కన్నయ్యెను. దాటలేనివారికి అది మూసిన తలుపయ్యెను. దాటినవారి గ్రంథములు మనకు మిగిలినవి. దాటలేనివారు ఏ గ్రంథము వ్రాయువారో మనకు తెలియదు.

ఇదే కాలమున మన పొరుగుననే ఒక వింత ఉండెను. మునగాల పరగణా నలువైపుల నిజాము రాజ్యముచే చుట్టబడియు, బ్రిటిషు పాలనలోని కృష్ణాజిల్లాకు చెందియుండెను. 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలియలేదు. అచ్చటి పిల్లవాడు చిన్నబడి దాటి ఫస్టు ఫారములో చేరవలెను. వానికి ఉర్దూ బెడద లేదు, ఇంగ్లీషు బెడద కలదు. పొలము గట్టు కీవల ఒక పరభాష, ఆవల ఒక పరభాష. ఏ దొరతనమైనను పెద్దబడి తలుపునకు తన భాషను తాళముగా వేయుట ఆనాటి లోకరీతి.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. ఆ పిమ్మట మాధ్యమిక పాఠశాలలలో ప్రాంతీయ భాషలు ప్రవేశించెను. తాళము తీసిరి, కాని లోపల పంతులు లేడు. తెలుగున గణితము, శాస్త్రము చెప్పగలవారెక్కడ? ఉన్న ఉపాధ్యాయులు ఉర్దూలో చదివి, ఉర్దూలో చెప్పుట కలవాటుపడినవారు. తెలంగాణ మారుమూలలలో కొన్నాళ్ళు పుస్తకము తెలుగు, వివరణ ఉర్దూ, పిల్లవాని సందేహము పల్లెభాష అను విచిత్ర సన్నివేశము నడచెను. సర్కారు కోస్తా జిల్లాలనుండి ఉపాధ్యాయులను రప్పించెను. స్థానికుల కొలువులు పరుల పాలగుచున్నవను ఆవేదన పెరిగి, 1952లో వరంగల్లున ఉపాధ్యాయ నియామకములపై మొదలైన ముల్కీ ఆందోళనము హైదరాబాదునకు ప్రాకెను. ఆ సెప్టెంబరులో సిటీ కాలేజీ కడ కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. ఒక తరము పిల్లలకు తెలుగులో పెద్దచదువు చెప్పింపకపోవుటచే తరువాతి తరమునకు తెలుగులో చెప్పు ఉపాధ్యాయుడు కరవగుట, ఆ కరవు రాజకీయమగుట, ఇదంతయు ఒకే త్రాటికి వేసిన ముడులు.

ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదప తరగతుల లెక్క మారెను. ఐదవ తరగతి వరకు ప్రాథమికము, ఆరు ఏడు తరగతులు ప్రాథమికోన్నతము, ఎనిమిదినుండి పది వరకు ఉన్నత పాఠశాల. ఏడవ తరగతి చివర ఒక పెద్ద పరీక్ష ఉండెడిది. దానినిగూర్చి పల్లెలలో పెండ్లివలె సన్నాహములు జరిగెడివి. ఆ వివరములన్నియు ఇచ్చట అవసరము లేదు.

కాని 1971లో మన పొరుగున జరిగిన ఒక సంగతి చెప్పక తీరదు. చౌటుప్పలునుండి లోనికి పోయినచో సర్వేలు అను గ్రామము కలదు. 2016లో జిల్లాలు విభజించిన తరువాత అది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఆనాడు నల్లగొండ జిల్లాయే. పాములపర్తి వేంకటనరసింహారావుగారి పూనికతో రాష్ట్రములోని మొదటి గురుకుల పాఠశాల అచ్చట వెలసెను. స్థలమును మద్ది నారాయణరెడ్డిగారు దానమిచ్చిరి. ఏ పట్టణమునకును పోక, పల్లెటూరి గుట్టల నడుమ, పల్లెటూరి పిల్లలకే తిండి, బట్ట, పుస్తకము, నిద్రించు చోటు ఇచ్చి చదువు చెప్పుట దాని ఉద్దేశము. వారాలు చేసికొన్న తరము, గదిలో అన్నము మాడ్చుకొన్న తరము ఏమి కోరుకొనెనో అది సర్వేలులో రూపు దాల్చెను. పాములపర్తివారు 1938లో వందేమాతర ఉద్యమ కాలమున ఉస్మానియా విడిచి నాగపూరు పోయి చదువవలసి వచ్చినవారు. చదువుకై ఇల్లు విడుచుట యననేమో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

నేడు తెలంగాణలో గురుకులములు వందల సంఖ్యలో నున్నవి. వానిలో చాలవాటికి ఐదవ తరగతిలోనే ప్రవేశ పరీక్ష. నవోదయ విద్యాలయములకు ఆరవ తరగతిలో. మన జిల్లాకు చలకుర్తిలో నొకటి కలదు. బాలికలకై 2004లో మొదలైన కస్తూరిబా విద్యాలయములు ఆరవ తరగతినుండి. 2010 ఏప్రిలున అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టపు నిబంధనలు ప్రాథమిక పాఠశాల 1 కిలోమీటరులోను, ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్లలోను ఉండవలెనని చెప్పుచున్నవి. దూరము తగ్గినది, తిండి దొరకుచున్నది, రుసుము లేదు. మరి మెట్టు పూర్తిగా బాగుపడినదా?

ఆరవ తరగతిలో చేరిన పిల్లవానిని ఒక దినమంతయు గమనింపుడు. నిన్నటివరకు ఒకరిద్దరు ఉపాధ్యాయులు వానికి అన్నియు చెప్పిరి; వాని పేరేకాక వాని తల్లి పేరును వారెరుగుదురు. నేడు గంటకొకరు వచ్చి పోవుదురు. పరిసరముల విజ్ఞానమని ఒకే పుస్తకములో చదివినది సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము అని చీలినది. తెలుగు పిల్లవానికి హిందీ అక్షరములు ఆరవ తరగతిలోనే మొదలు. పైపెచ్చు 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. ఒక పుటపై తెలుగు, ఎదుటి పుటపై ఇంగ్లీషు అచ్చువేసిన పుస్తకము లిచ్చిరి. ఇది మంచి యాలోచన; తఫ్రీక్, తక్సీం నేర్చిన పిల్లవానికి ఇట్టి పుస్తకమే ఉండియుండిన ఎంత మేలు కలిగియుండెడిదో! ఇంగ్లీషు కావలెనని తల్లిదండ్రులే కోరుచున్నారు, ఆనాడు నౌకరీకై ఉర్దూ కోరినట్లే. కోరుట తప్పు కాదు. కాని ఇంటిలో ఆ భాష చెవిని పడు పిల్లవాడొకడు, పడని పిల్లవాడొకడు ఒకే బల్లపై కూర్చుండియున్నారన్న సంగతి ఉపాధ్యాయుడు నూరేండ్లనాటి వస్తానియాను తలంచుకొనియైనను గుర్తింపవలెను.

మా కేంద్రమునకు వేసవిలో వచ్చు ఉత్తరములలో ఏ బడి మంచిదను ప్రశ్న యెక్కువ. బడికి పిల్లవానినెట్లు సిద్ధము చేయవలెనను ప్రశ్న అరుదు. ఆనాటి మౌల్వీగారు చేసిన పని చిన్నది: బడి తెరచుటకు రెండు నెలల ముందు, భయము లేనిచోట, తెలిసిన భాషతో తెలియని భాషను పరిచయము చేయుట. ఆ పని నేడును చేయవచ్చును. పుస్తకములోని తెలుగు పుటను తల్లియో తండ్రియో చదివించి, పిల్లవాడు తన మాటలలో కథగా చెప్పిన తరువాత ఇంగ్లీషు పుట చూపవలెను. చదువురాని తల్లి యైనను పిల్లవాడు చెప్పగా వినవచ్చును. వినువారున్నచో వాడు చెప్పుట నేర్చును. లెక్కల పదములు రెండు భాషలలోను ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించుట కాసు ఖర్చు లేని పని. కుల, ఆదాయ ధ్రువపత్రములు గురుకుల దరఖాస్తునకు కావలసినవి. చివరిదినమున కచేరీ చుట్టు తిరుగుటకంటె పంటనూర్పిడి ముగియగనే తెచ్చుకొనుట మేలు. హాస్టలులో చేరు పిల్లకు బట్టలు ఉతుకుకొనుట, జడ వేసికొనుట, జ్వరము వచ్చినచో ఎవరికి చెప్పవలెనో తెలియుట, ఇవి పాఠములకంటె ముందు నేర్పవలసినవి. మొదటి పదిహేను దినములలో ఇల్లు తలంచుకొని ఏడ్చిన పిల్లలను వెంటనే తీసికొని వచ్చుట కొన్ని యిండ్ల యలవాటు. వారము వారము పోయి చూచుట, ఇంటి సంగతులు చెప్పుట, తీసికొని రాక వచ్చుట కష్టమే. ఆరుట్లవారి యింటివారు, సిరిసిల్లకు కొడుకును పంపిన హనుమాజీపేట రైతు, ఆ కష్టము పడినవారే.

బడులవారును ఒక పని చేయవచ్చును. ఏప్రిలు మాసమున ఒకపూట, ఐదవ తరగతి పిల్లలను వారి పంతులుగారే వెంటబెట్టుకొని పెద్దబడికి పోయి, ఆరవ తరగతి గదిని, ఆటస్థలమును, నీటి కుళాయిని, ప్రధానోపాధ్యాయుని చూపి, ఎవరెవరికి ఏ పాఠము కష్టమో ఒక కాగితముపై వ్రాసి అచ్చటి ఉపాధ్యాయునికి ఇచ్చి రావచ్చును. టీ.సీ.లో పుట్టినతేదీ యుండును, తరగతి యుండును. ఆ పిల్లవాడు భాగహారములో తడబడునని యుండదు. జూనులో బడిబాట పేర ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరుగునపుడు, చేరనివారి పేర్లతోపాటు ఐదవ తరగతి ముగించి ఎచ్చటను కనబడనివారి పేర్లు వేరొక పట్టికగా వ్రాసికొనవలెను. చిట్యాల వంటి చోట రాజమార్గపు హోటళ్ళలోను, పత్తి చేలలోను ఆ పట్టికలోని పిల్లలు దొరకుదురు. జూలై దాటిన పిదప వారిని వెదకుట కష్టము.